కుడివైపు తిప్పరాని మీట

మహర్నవమి నాటి ఉదయం శివన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి తలస్నానం. ఎనిమిదింటికి దాచిన చోటు నుంచి బ్యాటరీ తీసి కారుకు బిగించడం. తొమ్మిదింటికి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఆంజనేయస్వామి గుడి చుట్టూ ఒక చుట్టు. పదికల్లా ఇంటికొచ్చి పండగ ఓళిగలు నెయ్యేసుకొని తినడం. ఇందులో అనుమానించడానికి ఏమీ లేదు. కానీ పత్తికొండలో టమోటా మండీ నడిపే శివన్న అనుమానం లేకుండా పళ్ళు తోముకున్న రోజు కూడా లేదు. పేస్టు ట్యూబు ఎవరో నొక్కినట్టుందని ఆ పొద్దున దాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు.

కారు సంగతి చెప్పాలి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో తాత మద్రాసు నుంచి తెప్పించిన నల్ల కారు అది. ముందు హ్యాండిల్ దూర్చి తిప్పితే లేచే రకం. తాత పోతూ పోతూ ఒక మాట చెప్పిపోయాడు. కారు పెద్దకొడుకు ఇంట్లో ఉండాలి. ఏటా ఆయుధ పూజ నాడు అది తనంతట తాను నడిచి గుడి చుట్టి రావాలి. హ్యాండిల్ మూడుసార్లు తిప్పినా లేవని ఏడు, దాన్ని రెండో కొడుకు ఇంటికి తోసుకుపోవాలి.

పెద్దకొడుకు కొడుకు శివన్న. రెండో కొడుకు కొడుకు ఓబులేష్, అదే వీధిలో పల్లాన ఉంటాడు. శివన్నకు మండీ కన్నా, పొలం కన్నా ఆ కారే ముఖ్యం. అది షెడ్డులో ఉన్నంత కాలం ఊరంతా తనను పెద్దింటి శివన్న అంటుంది. అది కాస్తా పల్లానికి పోతే తాను ఊళ్ళో ఉన్న నలభై మంది టమోటా వ్యాపారుల్లో ఒకడు.

అసలే వారం రోజులుగా ఓబులేష్ వాలకం బాగాలేదు. షెడ్డు కిటికీలోంచి తొంగి చూస్తూ రెండుసార్లు దొరికాడు. "ఏమన్నా, కారు బాగుండాదా?" అని అడిగాడు. ఏనాడూ అన్న ఆరోగ్యం అడగనివాడు కారు ఆరోగ్యం అడిగాడు! పైగా మెకానిక్ నెహెమ్యా షాపులో ఇద్దరూ టీ తాగుతూ, శివన్నను చూడగానే మాట ఆపేశారు. శివన్నకు అంతా అర్థమైపోయింది. ఆ రోజే షెడ్డుకు కొత్త తాళం వేశాడు. అదీ చాలదనిపించి, నవమికి ముందురోజు బ్యాటరీ ఊడదీసి, ఏ దొంగా చెయ్యి పెట్టని చోట దాచాడు. దేవుని గదిలో, పూజకు పేర్చిన కొడవళ్ళ వెనక, తుండుగుడ్డ కప్పి.

ఎనిమిదింటికి శివన్న దేవుని గది తలుపు తీశాడు. బ్యాటరీ ముందు వరసలో ఉంది. నాలుగు మూలలా పసుపు, నడుమ పెద్ద కుంకుమ బొట్టు, మెడలో బంతిపూల దండ. ఎదుట దీపం వెలుగుతోంది. పక్కనే అతని భార్య సుబ్బక్క కళ్ళు మూసుకొని కూర్చుంది.

"ఇదేందే, దీన్ని పూజలో పెట్టినావు?" అన్నాడు.

"నేనెందుకు పెడ్తా? నువ్వే గదా పెట్టినావు. మనిషికి ఇన్నాళ్ళకు భక్తి వొచ్చెనే అని సంతోషపడి నేనే బొట్టు పెడ్తి."

"పూజకు గాదే. దాచిపెడ్తి."

"దేవుని గదిలో దాచుకుంటారా ఎవురన్నా? ఎవురికి బయపడి?"

"అదంతా నీకెందుకు. జరుగు, తీసుకుంటా."

సుబ్బక్క లేచి అడ్డంగా నిలబడింది. "ముట్టుకుంటే చూడు! పూజలో కూర్చున్న ఆయుధం దశమి దాకా లేయగూడదు. కొడవలి లేయలే, కాటా లేయలే, నీ మండీలో రాసే పెన్ను గూడా లేయలే. నీ డబ్బా ఒకటే లేస్తాదా?"

శివన్న ఆమె ముఖంలోకి అదోలా చూశాడు. ఓబులేష్ పెళ్ళాం ఈమెకు సొంత చెల్లెలన్న సంగతి ఇరవై ఏళ్ళ తర్వాత అతనికి మళ్ళీ కొత్తగా గుర్తొచ్చింది.

ఇక వాదించడానికి టైము లేదు. బైకు తీశాడు. బ్యాటరీల షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల బ్యాటరీలన్నీ పెళ్ళికూతుళ్ళలా బొట్లు పెట్టుకొని కూర్చున్నాయి. ట్రాక్టరు ఉన్న సోమన్న దగ్గరికి పోయాడు. "దశమి పొద్దున రాన్నా, ట్రాక్టరే తోలకపో," అన్నాడు సోమన్న, తన బ్యాటరీ ముందు కర్పూరం వెలిగిస్తూ.

పత్తికొండ మొత్తంలో ఆ పూట స్పానర్లు పనిలో ఉన్నది ఒక్క నెహెమ్యా షాపులోనే. అతను చర్చికి పోయే మనిషి కాబట్టి అతని సామానుకు ఆయుధ పూజ సెలవు లేదు. శివన్న బైకు అక్కడ ఆగింది గానీ మనిషి దిగలేదు.

"ఏమన్నా, నీకూ బ్యాటరీ కావాల్నా?" అన్నాడు నెహెమ్యా.

తను అడగకముందే బ్యాటరీ అన్నాడంటే? ఇక్కడ బ్యాటరీ తీసుకుంటే అది దారిలోనే పేలేలా ఉంది. "నాకెందుకప్పా బ్యాటరీ? కారు బంగారం మాదిరుండాది. ఊరికే ఇట్లా పోతాండా," అని బండి తిప్పేశాడు.

తొమ్మిదింటికి వీధి నిండింది. తాత పిల్లల్లో మిగిలిన ఒకే ఒక్క మనిషి, మేనత్త గిడ్డమ్మ, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఏటా తీర్పు ఆమెదే. నెహెమ్యా కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఓబులేష్ ముఖం చెమటతో తడిసిపోయింది. నటన అనుకున్నాడు శివన్న.

కారులో బ్యాటరీ లేని సంగతి తనకూ సుబ్బక్కకూ తప్ప అక్కడెవరికీ తెలియదు. ఆంజనేయస్వామి మీద భారం వేసి హ్యాండిల్ తిప్పాడు. కారు కిక్కురుమనలేదు. రెండోసారి భుజం కలుక్కుమంది. మూడోసారి తిప్పేటప్పటికి శివన్న కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"అయిపాయరా శివన్నా," అంది గిడ్డమ్మ మెల్లగా. "ఓబులేషూ, నువ్వు స్టీరింగు పట్టు. తోయండప్పా."

అప్పుడు శివన్నలో కసి లేచింది. కారులో స్టీరింగు పక్కన ఒక మీట ఉంటుంది. నడుమ ఉంటే ఆపు. ఎడమకు తిప్పితే బ్యాటరీ. కుడికి మాత్రం తాత ఎవరినీ తిప్పనిచ్చేవాడు కాదు. కుడికి తిప్పితే కారు నాశనమైపోతుందని శివన్న చిన్నప్పటి నుంచీ నమ్మాడు. ఇప్పుడు పూజకని సీటులో పెట్టిన కొబ్బరికాయ తీసుకునే సాకుతో లోపలికి వంగి, మీటను టక్కున కుడికి తిప్పేశాడు. తనకు దక్కని కారు ఓబులేష్‌కు కూడా లేవకూడదు.

ఓబులేష్ ఏడుపు ముఖంతో ఎక్కి చేతి బ్రేకు వదిలాడు. ఆ పాతకాలపు కారులో అది వదిలితే గేరు దానంతటదే పడుతుంది. పదిమంది తోశారు. వీధి పల్లం కాబట్టి కారు వేగం అందుకుంది. ఓబులేష్ ఇల్లు ఇరవై గజాలు ఉందనగా కారు ఒకసారి దగ్గింది, రెండుసార్లు తుమ్మింది, ఢామ్మని పొగ వదిలి లేచి కూర్చుంది. తోస్తున్నవాళ్ళు పక్కకు దూకారు.

"లేసె! అన్నా, లేసె!" అని గావుకేకలు పెడుతూ ఓబులేష్ తన గేటు దాటిపోయాడు. ఆగకుండా గుడి చుట్టూ తిరిగాడు. మళ్ళీ వీధి ఎక్కి, సరాసరి శివన్న షెడ్డులోకి తోలి, దిగి అన్నను కౌగిలించుకున్నాడు.

"నీ కారు నీకేన్నా! మా గడప తొక్కకముందే లేసె. ఔనా కాదా అత్తా?"

"ఔను. ఈడనే ఉంటాది," అంది గిడ్డమ్మ.

శివన్న విడిపించుకున్నాడు. "నిజం చెప్పురా. వారం నుంచి షెడ్డులోకి ఎందుకు తొంగి చూస్తాంటివి?"

"లేస్తాదో లేదో అని బయమన్నా! ఏటా పండగ ముందు నువ్వు మండీకి పోయినంక నెహెమ్యాను పంపిస్తాంటి. ప్లగ్గులు తుడిచి, ఆయిలు పోసిపోతాండె. వదినకు తెల్సు. ఈ ఏడు నువ్వు తాళమేస్తివి, ఎట్లా పంపేది?"

"నా కారు లేస్తే నీకేమొస్తాది?"

"లేయకుంటే నా ఇంటికొస్తాది గదన్నా! యాడ పెట్టేది? కొత్తగా కట్టిన వంటిల్లు పడగొట్టాల. నీ మరదలు నన్ను పడగొడ్తాది."

ఇన్నేళ్ళుగా తను ఎవరి మీద కాపలా కాశాడో, ఆ మనిషే తన కారుకు కాపలా కాశాడు. శివన్నకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

నెహెమ్యా కారులోకి తొంగి చూసి నవ్వాడు. "మీట కుడికుండాది. మ్యాగ్నెటో మీద లేసింది. దానికి బ్యాటరీతో పనిలేదన్నా, ఇంజను జోరుగా తిరిగితే కరెంటు అదే పుట్టించుకుంటాది. చేత్తో తిప్పితే ఆ జోరు రావడం కష్టం, తోస్తే వొచ్చె. ఎవురో తెలివిగల్లోడు తిప్పి పెట్టినాడు."

తెలివిగల్లోడు నేల చూపులు చూశాడు. "మరి తాత కుడికి ఎందుకు తిప్పొద్దనె?" అన్నాడు.

"భుజం నొప్పిరా ఆయనకు," అంది గిడ్డమ్మ. "ఆ పక్క పెడితే శానా గట్టిగా తిప్పాల."

"ఏమన్నా గానీ," అన్నాడు ఓబులేష్ చెమట తుడుచుకుంటూ, "కారు మీ ఇంటికి అని తాత చెప్పిన రోజు మా నాయన వీధంతా చక్కెర పంచినాడంట."

శివన్న దేవుని గదిలోకి పోయాడు. బంతిపూల దండలో బ్యాటరీ ప్రశాంతంగా ఉంది. దాని పైన గోడకు తాత పటం, మీసాల చాటున చిన్న నవ్వు. దండం పెట్టబోయిన చేతులు దించి, శివన్న జీవితంలో మొదటిసారి తాత వైపు అనుమానంగా చూశాడు.