కవరు తీయని గొడ్డలి

ఆ రోజు పొద్దున్నే స్టోర్ కీపర్ చిల్లుల గొడుగు పట్టుకుని వానలో ఆఫీసుకు బయల్దేరాడు. కొత్త గొడుగు కవరులో భద్రంగా ఉంది.

"కొత్తది వానలో తడిస్తే కరిగిపోతుందా ఏంటి?" అంది భార్య.

"వస్తువంటే జాగ్రత్త ఉండాలే," అన్నాడాయన.

ఆ జాగ్రత్తకు ఆఫీసులోనూ లోటు లేదు. వరదో, అగ్నిప్రమాదమో వస్తే పనికొస్తాయని ప్రభుత్వ గ్రాంటుతో మున్సిపాలిటీ కొన్న టార్చిలైట్లు, గునపం, గొడ్డలి, చేతిమైకు అన్నిటినీ కవర్లు విప్పకుండా స్టోర్ గదిలో కన్నబిడ్డల్లా దాచాడు. ఇవాళ వాటి తనిఖీ. అధికారి సరేనంటేనే రెండో విడత గ్రాంటు, అందులోనే పల్లపు వీధులకు పడవ. "పడవ రాలేదో, నువ్వు చెత్త యార్డుకి పోతావు," అని కమిషనర్ ముందే చెప్పేశాడు.

అధికారి వచ్చి అన్నీ చూశాడు. "వీటిని ఎప్పుడైనా వాడారా?"

"ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు సార్," అన్నాడు స్టోర్ కీపర్ గర్వంగా.

"వాడనివాళ్లకి ఇంకో విడతెందుకయ్యా?"

వేడిగా టీ పడితే మనిషి కాస్త మెత్తబడతాడేమోనని స్టోర్ కీపర్ గబగబా బయటికొచ్చాడు. వెనకాలే వానకు ఉబ్బిన చెక్క తలుపు గాలికి ధడేల్మని పడి బిగుసుకుపోయింది. లోపల అధికారి, పైగా కరెంటు పోయింది. నలుగురు కలిసి తోసినా తలుపు కదల్లేదు.

"గునపం తీసుకురా," అన్నాడు కమిషనర్.

"లోపలుంది సార్."

"గొడ్డలి?"

"అదీ లోపలే."

"మరి బయటేముందయ్యా?"

"మనమే సార్."

కబురందుకున్న అగ్నిమాపక జట్టు వచ్చింది. "మా గొడ్డలి పిడి విరిగింది. మీ కొత్తది ఓసారి ఇస్తారా?" అని అడిగాడు వాళ్ల నాయకుడు. కమిషనర్ బిగుసుకున్న తలుపు వైపు వేలు చూపించాడు. ఫైరింజను చూసి వీధి జనం ఏదో శిక్షణ కార్యక్రమమనుకుని ఆవరణ నిండా చేరారు.

అంతలో లోపల్నుంచి చేతిమైకు గర్జించింది. "కవర్లు చింపుతున్నాను. అందరూ తలుపుకు దూరంగా జరగండి."

జనం బుద్ధిగా వెనక్కి జరిగారు. "సార్, అతుకు దగ్గర మెల్లగా విప్పండి," అన్నాడు స్టోర్ కీపర్, అలవాటు చావక. కమిషనర్ ఆయన వైపు చూసిన చూపులో చెత్త యార్డు స్పష్టంగా కనిపించింది.

నాలుగు దెబ్బలకు తలుపు పగిలింది. ఒక చేత్తో గొడ్డలి, ఇంకో చేత్తో టార్చిలైటు పట్టుకుని అధికారి ఒళ్లంతా చెక్కపొట్టుతో బయటికొచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. స్టోర్ కీపర్ కళ్లు మూసుకున్నాడు.

"పాతికేళ్లుగా తనిఖీలు చేస్తున్నా," అన్నాడు అధికారి రొప్పుతూ. "ఎక్కడ చూసినా లైటు వెలగదు, మైకు పలకదు. ఇక్కడ అన్నీ పనిచేశాయి. జనం కూడా చెప్పగానే జరిగారు. వాడలేదన్న మాట ఇక అనలేను, నేనే వాడాను కదా. రెండో విడతకి రాసేస్తా. ముందా టీ ఏదో ఇప్పించండి."

స్టోర్ కీపర్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. గుండెల మీది బండ దిగిపోయి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కమిషనర్ స్వయంగా ఆయన చేతిలో కూడా ఒక టీ కప్పు పెట్టాడు.

నెల తిరక్కుండానే పడవ వచ్చింది. స్టోర్ గదికి కొత్త ఇనుప తలుపూ వచ్చింది. పడవకున్న కవరు ఆయనే తన చేత్తో చింపేశాడు.

తలుపుకున్నది మాత్రం ఇంకా తీయలేదు.