నీళ్లడిగిన రిలే

మన పాలమూరు జిల్లాలో తప్పు జరగగానే పట్టుకునే ఉద్యోగి ఒక్కడే ఉన్నాడు. అతనికి జీతం లేదు, సెలవు లేదు, సిఫారసు చేసే బావమరిది అసలే లేడు! పేరు రిలే.

సబ్‌స్టేషను గోడకు బిగించిన నల్ల పెట్టె అది. కరెంటు లైనులో ఎక్కడ తేడా వచ్చినా అందులో చిన్న రేకు టప్పున పడుతుంది, గంట మోగుతుంది, కరెంటు ఆగిపోతుంది. ఇంత చురుకుదనం ఏ తాలూకా ఆఫీసులోనైనా చూశారా?

కాకి రెక్క చాపితే పడింది. ఆరేసిన పోచంపల్లి చీర ఎగిరి తీగలకు చుట్టుకుంటే పడింది. మొన్న మ్యాట్నీలో సరిగ్గా తాళి కట్టే వేళకు పడింది. పాపం, ఆ హీరోయిను ఇంకా పెళ్లికూతురుగానే ఉంది! నేను మాత్రం లేచి చప్పట్లు కొట్టాను. భద్రత ముఖ్యమా, పెళ్లి ముఖ్యమా?

ఈ ఆషాఢంలో వాన మొహం చాటేసింది. లైను చివర, కాటమయ్య అనే రైతు చెలకలో తీగ తెగి పడింది. అతను సబ్‌స్టేషనుకు పరుగెత్తాడు. ఆపరేటరు సీతారాములు పెట్టె వైపు చూశాడు.

“రిలే పడలె. అంటే తీగ తెగలె. పో.”

“తెగకుంటే గా పడ్డదేంది సారూ? ఎద్దులు తొక్కితే సస్తయి!”

“రిలే కంటె నీకు ఎక్కువ తెలుసా?”

ఎంత గొప్ప నమ్మకం! భార్యాభర్తల మధ్య కూడా ఇంత ఉండదు.

కాటమయ్య, భార్య గుర్వమ్మ కట్టెలు పట్టుకుని రెండు రోజులు వంతులవారీగా తీగకు కాపలా కాశారు. మూడో రోజు అటుగా వచ్చిన లైన్‌మన్ బిక్షం అసలు సంగతి చెప్పాడు.

“నేల ఎండి ఉన్నది కాకా. కరెంటు భూమిలకు దిగుతలేదు, గందుకే రిలేకు తెలుస్తలేదు. జర తడి ఉంటే ఎప్పుడో పడుతుండె.”

చూశారా దాని హోదా? తడి నేల మీద జరిగితేనే తప్పట! పాలమూరుకు ఇలాంటి పెట్టెను ఎంపిక చేసిన మహానుభావుడికి సన్మానం చేయవద్దా?

కాటమయ్య బావిలో నారుమడి కోసం దాచుకున్న నీళ్లు కొంచెం మిగిలి ఉన్నాయి. గుర్వమ్మ వద్దని ఏడ్చింది. అయినా అతను మోట కట్టి, ఆ నీళ్లన్నీ తోడి, దూరం నుంచే కాలువ తీగ వైపు మళ్లించాడు. నేల తడిసింది. రేకు టప్పున పడింది! సీతారాములు దిగ్గున లేచాడు. సాయంత్రానికల్లా తీగ అతికించారు. నేను ఆనందం పట్టలేక మిఠాయి పంచాను.

వారం తిరిగేసరికి కాటమయ్యకు నోటీసు వచ్చింది. చెలకలో నీళ్లు వదిలి కరెంటు సరఫరాకు అంతరాయం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. అది చదివించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. నారుమడి అప్పటికే ఎండిపోయింది.

కలం తీసి, ఏం రాయమంటావని అడిగాను.

“బాయిల నీళ్లు అయిపోయినయి, మల్ల గీ తప్పు చెయ్యనని రాయి సారూ” అన్నాడు.