గోంగూరకు జాగా

ఆ వేసవి మొదట్లో గోపాల్‌రావు చేతిలో ఉన్నవి: ఇంగ్లండులోని స్విండన్‌లో ఓ కిరాణా కొట్టు, ఇంటి ముందు రెండంగల ఎండ జాగా, అందులో భార్య పుష్పలీల ప్రాణంగా పెంచుతున్న గోంగూర కుండీలు. ఆ జాగాకే ఎసరొచ్చింది.

ఊరి కౌన్సిల్‌వాళ్లు రీసైక్లింగ్ చెత్త సేకరణలో రెండు పద్ధతులు పోల్చి చూస్తున్నారు. వీధికి ఇటువైపు గాజు, రేకు, ప్లాస్టిక్, కాగితం విడివిడిగా చిన్న పెట్టెల్లో పెట్టాలి. అటువైపు అన్నీ కలిపి పెద్ద చక్రాల బిన్‌లో వేయాలి. ఏది తక్కువ ఖర్చులో ఎక్కువ సరుకు తెస్తే వీధంతటికీ అదే. బిన్ గెలిస్తే కుండీలకు చోటు లేదు.

"మనవైపే బరువు తూగాలి లీలా!"

"తూగుతుంది లెండి," అంటూనే ఆవిడ పెట్టెలోంచి ఐస్‌క్రీం డబ్బా తీసి కడిగి దాచుకుంది. "ఇంత మంచి డబ్బా ఎవరైనా పారేస్తారా?"

ఇంటి సరుకుతో లాభం లేదని గోపాల్‌రావు స్నేహితుడు సాంబశివరావుకు ఫోన్ చేసి ఖాళీ సీసాలు అడిగాడు. ఆయన ఊళ్లో తెలుగువాళ్లందరికీ చెప్పాడు. మర్నాడు పొద్దున్నే సీసాలతో ఐదు కార్లు దిగాయి. వచ్చినవాళ్లకు పుష్పలీల ఇడ్లీలు పెట్టింది. ఆ రుచికి వారం వారం ఇంకాస్త మంది వచ్చారు. సీసాలు కిటికీ ఎత్తు లేచాయి.

"డాడ్, దిస్ ఈజ్ చీటింగ్!" అంది కూతురు అక్షర.

"చీటింగ్ కాదమ్మా, హోల్‌సేల్."

లారీ ఈ గుమ్మం దగ్గరే నిండిపోయేది. వెళ్లి దింపుకుని మళ్లీ వచ్చేది. "రెండు లోడ్లు!" అని గోపాల్‌రావు మురిసిపోయేవాడు.

వేసవి చివర కౌన్సిల్ ఆఫీసరమ్మ వచ్చింది. పుష్పలీల ఆవిడకు ఇడ్లీ, గోంగూర పచ్చడి పెట్టింది. "సరుకులో మీవైపే గెలిచింది," అందావిడ. "కానీ లారీ ప్రతిసారీ రెండు ట్రిప్పులు వేసింది. ఖర్చులో ఓడిపోయారు. బిన్‌లే వస్తాయి."

"ఇరవై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నారు," అంది పుష్పలీల, "బండి కిరాయి లెక్కలో వేసుకోలేదా?"

గోపాల్‌రావు తల గోక్కున్నాడు. పాత పెట్టెలు ఎవరివి వాళ్లే ఉంచుకోవచ్చట. వాటి అడుగున నీళ్లు పోవడానికి బెజ్జాలు, పక్కన పట్టుకోవడానికి పిడులు ఉన్నాయి. పుష్పలీల చూపు వాటిమీద పడింది. ఇరుగుపొరుగు ఇచ్చినవీ కలిపి మట్టి నింపి, గోంగూర వేసి, కొట్టు ముందు ఎండలో పెట్టించింది. ఇడ్లీలకు అలవాటుపడినవాళ్లంతా ఇప్పుడు కట్టలు కొనడానికి వస్తున్నారు. సాయంత్రానికి ఆకు మిగలడం లేదు.

చివరి లెక్క: ఇంటి ముందు జాగా పోయింది, కొట్టుకు బేరం పెరిగింది. నష్టం ఒక్కటే. ఆఫీసరమ్మకు పచ్చడి కట్టిచ్చిన ఐస్‌క్రీం డబ్బా తిరిగి రాలేదు. ఆవిడ దాన్ని రీసైక్లింగ్‌లో వేసేసిందట.