చిన్నకోడలి ద్రావకం

ఆ ఉదయానికి చిన్నకోడలు వేసుకున్న పథకంలో కష్టమైన పని ఒక్కటీ లేదు. పది గంటలకు సర్క్యూట్ బోర్డుల కంపెనీ నుంచి పెద్ద ఇంజనీరు గారు వస్తారు. సందర్శకుల గదిలో బల్ల మీద సీసా ఉంటుంది. ఆవిడ దాన్ని వంచి చూస్తారు, లోపలి ద్రవం చక్కగా జారుతుంది, ఆవిడ తల ఊపి ఆర్డరు ఇస్తారు. మధ్యలో టీ. ఇంత తేలికైన పథకం పాడవ్వాలంటే చాలామంది సహకరించాలి. ఆ కుటుంబంలో సహకారానికి ఎప్పుడూ లోటు లేదు.

కింద కంపెనీ, పైన కాపురం. భర్త అన్నగారు, అంటే ఆమెకు బావగారు, యజమాని. భర్త ఊళ్ళు తిరిగి సరుకు అమ్ముతాడు. భర్తకు చిన్నాన్న అయిన చినమావయ్య మిక్సింగ్ గదిలో డ్రమ్ములు కలుపుతాడు. కెమిస్ట్రీ చదివి ఆ ఇంట్లో అడుగుపెట్టిన పాపానికి చిన్నకోడలు ల్యాబ్ చూస్తుంది. వాళ్ళు చేసేది సిలికాన్ రెసిన్. సర్క్యూట్ బోర్డు మీద పల్చగా పూస్తే ఆరిపోయి, తేమా దుమ్మూ లోపలికి పోకుండా కాపలా కాస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ రెసిన్ కణాలకు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోవాలని మహా తహతహ. బోర్డు మీద పట్టుకుంటే పూత, సీసాలోనే పట్టుకుంటే ముద్ద. ఆ తొందరను ఆపి రెసిన్‌ను సీసాలో బుద్ధిగా కూర్చోబెట్టేది దానిలో కలిపే ద్రావకం.

పాత ద్రావకంతో చేసిన సరుకు నెల తిరక్కుండానే గడ్డకట్టి వెనక్కి వచ్చేది. చిన్నకోడలు పట్టుబట్టి, కిందా మీదా పడి, కొత్త ద్రావకం ఒకటి కుదిర్చింది. దానితో ఆరు నెలల కిందట రెండు సీసాలు నింపింది. ఒకటి ల్యాబ్ బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండోది సందర్శకుల గదిలో పెట్టి, ద్రవం ఎంతవరకు ఉందో అక్కడ సీసాకు ఒక ఎర్ర పట్టీ అంటించింది. అది చూసిన రోజునే బావగారు తన మాట తను చెప్పేశారు.

"ఇది కూడా ముద్దకడితే ఇంక చాలమ్మా. ఆ ల్యాబ్ గదిలో డబ్బాలు సర్దుకుందాం. నువ్వు హాయిగా కౌంటర్లో కూర్చుని బిల్లులు రాసుకుందువుగాని."

మిగతా మాటలన్నీ ఎలా ఉన్నా ఆ 'హాయిగా' అన్నది ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఆరు నెలలుగా అది గుచ్చుకుంటూనే ఉంది.

తొమ్మిది దాటాక ఆమె సందర్శకుల గది తలుపు తీసి సీసాను చేతిలోకి తీసుకుని నెమ్మదిగా వంచింది. నూనెలా జారవలసిన ద్రవం తేనెలా పాకింది. మళ్ళీ వంచింది. మళ్ళీ పాకింది. ఒళ్ళు జలదరించింది, వేళ్ళు కొంకర్లుపోయాయి. గదిలో చలిగా ఉందని ఆమెకు తెలియకపోలేదు. భయం వేస్తే ఇంత చలి వేస్తుందా అని మాత్రం ఆశ్చర్యపడింది.

ఆ సమయంలో ల్యాబ్‌కు వెళ్ళి బీరువాలోని రెండో సీసా చూస్తే సరిపోయేది. కానీ బుర్ర పనిచేస్తే దాన్ని కంగారని ఎవరంటారు? ఆమె వెళ్ళింది ల్యాబ్‌కే. తెచ్చింది మాత్రం ద్రావకం. సీసా మూత తీసి, కొంచెం పోసి, మూత పెట్టి కలిపింది. కాపీ కొడుతున్న పిల్లలా రెండుసార్లు కిటికీ వైపు చూసింది. పట్టీని దాటి పైకొచ్చిన ద్రవాన్ని వ్యర్థాల డబ్బాలోకి వంపి, మట్టం సరిచేసింది. సొంత బిడ్డను పరీక్షలో పాస్ చేయించడానికి తనే జవాబులు రాసినట్టు సిగ్గేసింది. చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే ఇటు నుంచి చినమావయ్య వచ్చాడు. కోడలంటే ఆయనకు ప్రాణం. సీసాకు ఒకసారి మంచి మాట చెప్పి పోదామని వచ్చి, చేతిలోకి తీసుకుని వంచాడు. ఇంకా పాకుతూనే ఉంది.

"అయ్యో, పిచ్చిపిల్ల!" అనుకున్నాడు.

చినమావయ్యకు లోకంలో ఏ రోగానికైనా ఒకటే మందు, థిన్నర్. తలుపు కీచుమన్నా థిన్నరే, చొక్కాకు మరకైనా థిన్నరే. ఆయన ఎటు నడిస్తే అటు ఆ వాసన నడుస్తుంది కనుక, గదిలో కొత్తగా థిన్నర్ వాసన వచ్చినా ఎవరికీ అనుమానం రాదు. జేబులోంచి చిన్న డబ్బా తీసి ధారాళంగా పోశాడు. మట్టం, పట్టీ లాంటి చిల్లర విషయాలు ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు.

చిన్నకోడలు తిరిగి వచ్చేసరికి ద్రవం పట్టీకి పైన రెండు వేళ్ళ ఎత్తున ఉంది.

ఆమెకు తెలిసిన కెమిస్ట్రీ అంతా ఒక్కసారిగా మీద పడింది. తనే మట్టం సరిచేసి వెళ్ళింది. గదిలో ఎవరూ లేరు. అయినా పెరిగిందంటే లోపల ఏదో జరుగుతోంది, గ్యాస్ పుడుతోంది, పొంగుతోంది. కిటికీలన్నీ బార్లా తీసింది. మూత విప్పి గబగబా డబ్బాలోకి ఒంపింది. కంగారులో కాస్త ఎక్కువే ఒలికి, మట్టం ఈసారి పట్టీకి బాగా కిందికి దిగింది. మూత బిగించి, ఫోను తీసింది.

"ఏవండీ, ఎక్కడున్నారు?"

"మేడమ్‌ని ఎక్కించుకున్నాను. పది నిమిషాల్లో వచ్చేస్తాం."

"వద్దు వద్దు! కాసేపు అటూ ఇటూ తిప్పి తీసుకురండి."

"ఎక్కడ తిప్పను?"

"ఊళ్ళో చూడదగ్గవేవో చూపించండి."

"మన ఊళ్ళోనా?" అన్నాడు భర్త నిజాయితీగా.

ఆమె ఫోను పెట్టేసి, సీసా పేలితే అడ్డంగా ఉంటుందని ఇసుక బకెట్ కోసం వెనక వరండాలోకి పరుగెత్తింది.

ఇంతలో బావగారు వచ్చారు. ఆయనది శుభ్రత పిచ్చి. జేబులో స్పిరిట్ సీసా, చేతిలో గుడ్డ లేకుండా ఆయనను చూసినవాళ్ళు లేరు. తలుపు పిడి తుడిచారు, కుర్చీ చేతులు తుడిచారు, బల్ల తుడిచారు, బల్ల మీది సీసా తుడవబోయి ఆగిపోయారు. ద్రవం పట్టీకి కిందుంది! ల్యాబ్ మూసేస్తానని బెదిరించిన మనిషే గానీ, ఆర్డరు పోతే ముందు మునిగేది తనే అని ఆయనకు బాగా తెలుసు. 'మూత సరిగ్గా పెట్టలేదు, ఆవిరైపోయింది, ఆవిడ చూస్తే పరువు పోతుంది' అనుకున్నారు. అటూ ఇటూ చూసి, స్పిరిట్ సీసా వంచి, పట్టీకి వెంట్రుకవాసి తేడా లేకుండా నింపారు. తన నేర్పుకు తనే మురిసి, మూతను కూడా ఒకసారి తుడిచి వెళ్ళిపోయారు.

చిన్నకోడలు ఇసుక బకెట్ మోసుకుంటూ వచ్చి సీసా వైపు చూసింది. మట్టం సరిగ్గా పట్టీ దగ్గర ఉంది. ఏమీ ఎరగనట్టు, నంగనాచిలా ఉంది.

ఆమె బకెట్ దించి దాని పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. పెరుగుతోంది, తరుగుతోంది, మళ్ళీ పెరుగుతోంది. ఈ సీసా ఊపిరి పీలుస్తోంది! ఆరు నెలల కష్టం, కౌంటరు, బిల్లులు, ఆ 'హాయిగా', అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఏడుపు వచ్చింది. ఏడవడానికి తీరిక లేకుండా బయట కారు హారన్ వినిపించింది.

పెద్ద ఇంజనీరు గారు పొట్టిగా, చురుగ్గా ఉన్నారు. నవ్వు తక్కువ.

"మీవారు నాకు నీళ్ళ ట్యాంకు చూపించారమ్మా," అన్నారు కూర్చుంటూ. "రెండుసార్లు. రెండోసారి వెనక నుంచి."

భర్త గోడకున్న క్యాలెండరును శ్రద్ధగా చూశాడు. బావగారు, చినమావయ్య కూడా వచ్చి చెరో మూల నిలబడ్డారు. ఎవరి పని వారు చక్కబెట్టామన్న ధీమా ఇద్దరి ముఖాల్లోనూ వెలిగిపోతోంది. కిటికీలోంచి ఎండ పడుతున్న బల్ల మీద సీసా తళతళలాడుతోంది.

ఆవిడ సంచిలోంచి అడుగున సన్నని చిల్లు ఉన్న లోహపు కప్పు, ఒక స్టాప్‌వాచ్ తీశారు. ఆ కప్పులో ద్రవం పోసి, అది ఎంతసేపటికి ఖాళీ అవుతుందో చూస్తే ఎంత చిక్కగా ఉందో తెలిసిపోతుంది. చిల్లుకు వేలు అడ్డం పెట్టి సీసా వంచారు. వేలు తీశారు. వాచ్ మీద బొటనవేలు నొక్కేలోగా కప్పు ఖాళీ అయింది.

ఆవిడ కప్పులోకి చూశారు, సీసా వైపు చూశారు, చివరికి మనుషుల వైపు చూశారు.

"ఆరు నెలలైనా చిక్కబడకపోతే నిలకడగా ఉందంటాం. ఆరు నెలలకి నీళ్ళైపోతే ఏమంటాం?"

"వినయం అంటామండీ," అన్నారు బావగారు. ఎవరూ నవ్వలేదు.

చిన్నకోడలు లేచి నిలబడింది. ఈ ద్రావకం గురించి తను అబద్ధమాడితే ఇక దాని తరఫున నిజం చెప్పడానికి లోకంలో ఎవరూ ఉండరు అనిపించింది.

"క్షమించండి మేడమ్. పొద్దున చూస్తే చిక్కగా కనబడింది. భయమేసి నేనే ద్రావకం పోశాను."

"నువ్వెక్కడ పోశావే!" అని చినమావయ్య ముందుకు దూకాడు. "పిల్ల అబద్ధం చెబుతోందండీ, నన్ను కాపాడాలని. పోసింది నేను. థిన్నర్."

"మీరా? మీరెప్పుడు పోశారు మావయ్యా?"

"నువ్వు చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు. నువ్వెప్పుడు పోశావు?"

"అంతకుముందు! అయితే పొంగింది గ్యాస్ వల్ల కాదా? నేను సగం ఒంపేశానే!"

బావగారు స్పిరిట్ గుడ్డతో ముఖం తుడుచుకున్నారు. మంట పుట్టి కళ్ళ నీళ్ళు కారుతుంటే అవి పశ్చాత్తాపంలాగే కనిపించాయి.

"ఒంపింది నువ్వా అమ్మా? ఆవిరైందనుకుని..." అని ఆగి, "కొంచెమే పోశాను. స్పిరిట్," అన్నారు.

ఇంజనీరు గారు మెల్లగా భర్త వైపు తిరిగారు.

"నేనేమీ పోయలేదండీ, ఒట్టు," అన్నాడతను కంగారుగా. "నేను అసలు సీసా ముట్టుకోలేదు. దానికి వేడి తగలకూడదని ఈవిడ చెప్పింది కదా అని, రాత్రంతా ఏసీ ఫుల్లుగా పెట్టి, పొద్దున మీ కోసం బయల్దేరుతూ ఆపేశాను. అంతే."

చిన్నకోడలు భర్త వైపు చూసిన చూపుకు ఆ ఏసీ అవసరం లేకుండానే గది చల్లబడింది. చలికి ఏ ద్రవమైనా చిక్కబడుతుందని చదువుకోనివాళ్ళకు కూడా తెలుసు. భయానికి కాదు, చలికే చలి వేసింది. సీసాకు ఏ రోగమూ లేదు.

"మేడమ్, దీనికి జంట సీసా ఒకటి బీరువాలో ఉంది. తాళం నా దగ్గరే ఉంది. దాన్ని ఎవరూ..." అంటూనే పరుగెత్తి తీసుకొచ్చింది.

ఆవిడ దాన్ని కప్పులో పోశారు. సన్నని దారంలా, తెగకుండా, తీరిగ్గా కారింది. వాచ్ చూసి, "ఆరు నెలల కిందట మీరు పంపిన లెక్కే," అన్నారు. చిన్నకోడలికి అప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. ఈసారి ఆపుకోలేదు. చినమావయ్య కళ్ళు కూడా తడిశాయి. ఆయన థిన్నర్ గుడ్డ తీయబోతే భర్త లాగేసుకున్నాడు.

ఇంజనీరు గారు మాత్రం జంట సీసాను పక్కన పెట్టేసి, మళ్ళీ మొదటి సీసానే ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టారు. చాలాసేపు అలాగే చూశారు.

"ఇందులో థిన్నర్ పడిందా?"

"పడింది," అన్నాడు చినమావయ్య నేల చూపులు చూస్తూ.

"స్పిరిట్?"

"పడిందండీ," అన్నారు బావగారు.

"మరి ఎక్కడా తెల్లగా విరగలేదేం? ఒక్క పలుకైనా కట్టలేదేం?" ఆవిడ ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "అమ్మాయ్, మా దగ్గరికి వచ్చే ప్రతి కంపెనీ సీసా ముద్దకట్టకుండా నిలిచేదే. వాళ్ళ ల్యాబ్‌లో. మా ఫ్యాక్టరీకొచ్చాక మా వాళ్ళు చిక్కగా ఉందని ఒకడు, పల్చగా ఉందని ఒకడు, చేతికి ఏది దొరికితే అది పోస్తారు. వద్దంటే వినరు. మర్నాటికి డ్రమ్ము డ్రమ్మంతా పాలు విరిగినట్టు విరిగిపోతుంది. ఎవరూ ముట్టుకోని చోట నిలబడే సరుకు నాకెందుకు? మా దగ్గర ముట్టుకోనివాళ్ళు లేరు."

"అంటే..." అంది చిన్నకోడలు.

"అంటే, నీ ద్రావకం మీ ఇంట్లోవాళ్ళనే తట్టుకుంది. మావాళ్ళొక లెక్కా?"

ఆర్డరు రాసిచ్చే ముందు ఆవిడ ఒక షరతు పెట్టారు. పంపే ప్రతి బ్యాచికీ ఈ రోజు జరిగిన పరీక్ష ఇలాగే జరగాలి, ఇదే మనుషులతో. బావగారు ఆ మాటకు మురిసిపోయి, కౌంటరు ఊసు మళ్ళీ ఎత్తలేదు సరికదా, ల్యాబ్ పక్క గది కూడా ఖాళీ చేయించి చిన్నకోడలికి ఇచ్చారు.

ఇప్పుడు కొత్త బ్యాచి తయారైనప్పుడల్లా బావగారు, చినమావయ్య విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరు, దొంగచాటుగా ఆ గదిలోకి వెళ్ళి తోచింది కలిపి వస్తారు. దొంగచాటుగా వెళ్ళేముందు గుమ్మం దగ్గర సంతకం పెట్టాలన్నది ఒక్కటే నిబంధన.