హేమమ్మ నాటిన కర్ర

ఆదివారం పొద్దున హేమ వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. ఇంటి వెనక బీడు చేనులో ఒక కర్ర పాతాలి. దాని చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీయాలి. కర్ర నీడ కొస ఆ గీతను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి తాకుతుంది. ఆ రెండు చోట్లా గుర్తు పెట్టి తాడుతో కలిపితే అచ్చమైన తూర్పు పడమరలు తేలతాయి. దిక్సూచి లేని కాలంలో పెద్దలు గుడి కట్టినా ఇల్లు కట్టినా ఇలాగే దిక్కులు పట్టేవారని హేమ నిన్ననే చదివింది. పిల్లలకు రేపు చెప్పబోయే పాఠం ఇవాళ తాను నేర్చుకోవడం ఆమె పద్ధతి. ఆ ఒక్కరోజు తేడా సంగతి మాత్రం పిల్లలకు తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

వాళ్ల ఇల్లు రాప్తాడు ఊరి చివర. ఏడాది కిందట పదకొండేళ్ల కూతురు తేజ క్లాసులో ఫస్టు వచ్చింది. ముచ్చటపడి హేమ ఏదో లెక్క చూపించి "ఇట్లా ఎందుకొచ్చింది?" అని అడిగితే, "ఎందుకనేది పరీక్షలో రాదు మా" అంది. హేమకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. తేజనూ, ఎనిమిదేళ్ల కొడుకు విష్ణువర్ధన్‌నూ బడి మాన్పించి ఇంట్లోనే పాతకాలపు పద్ధతిలో చదువు మొదలుపెట్టింది. ముందు కంఠస్థం, తరువాత తర్కం, ఆపైన నేర్చుకున్నది నలుగురి ముందు నిలబడి చెప్పడం. వినడానికి బాగానే ఉంది కానీ, కంఠస్థం చేయించాలంటే ముందు తనకు రావాలి కదా! హేమ పదో తరగతి లెక్కలు మూడోసారికి గట్టెక్కింది. పెళ్లిచూపుల్లో "అమ్మాయి ఫస్టు క్లాసు" అని పెద్దలు చెప్పారు. దేంట్లో అని ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు.

అత్త రామసుబ్బమ్మకు ఈ ఇంటి చదువు మొదటినుంచీ గిట్టదు. చివరికి ఒక షరతు పెట్టింది. కదిరిలో ఉన్న తన అన్న హనుమంతరాయుడు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన వచ్చి పిల్లలను పరీక్షిస్తాడు. ఆయన "సరే" అంటే సరే, లేదంటే జూన్‌లో ఇద్దరినీ అనంతపురం హాస్టల్లో చేర్చాలి. ఆ పరీక్ష ఈ ఆదివారమే. ఆయన్ను తీసుకురావడానికి హేమ భర్త రాఘవేంద్ర బండి వేసుకుని అనంతపురం బస్టాండుకు వెళ్లాడు.

"హాస్టల్లో నువ్వు గూడా ఉంటావా మా?" అని విష్ణు పొద్దుటి నుంచి మూడుసార్లు అడిగాడు. హేమ మూడుసార్లూ "తాడు పట్టుకో నాయనా" అంది.

కర్ర నిటారుగా ఉందో లేదో చూడాలంటే దారానికి బరువు కట్టి పక్కన వేలాడదీయాలి. బరువు తెమ్మంటే విష్ణు దేవుడి గూట్లోంచి పిలకున్న టెంకాయ తెచ్చాడు. పురికొసతో పిలకకు ముడేసి హేమ దాన్ని కర్ర పక్కన పట్టుకుంది. అది ఊగుతుంటే, ఆగేదాకా ఊరికే ఉండటం ఎందుకని పిల్లలు ఎనిమిది దిక్కుల పేర్లున్న శ్లోకం రాగం తీసి చదివారు. హేమ కూడా కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. ఆమెకు ఆ శ్లోకం ఇంకా పూర్తిగా రాలేదు.

ఇదంతా గట్టుకు అవతల నుంచి పక్క చేను నారాయణ చూశాడు. పాపం, ఆయన చేనులో మూడు బోర్లు వేస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. ఆయన కళ్లకు కనిపించింది ఏమిటి? టెంకాయ, కర్ర, సున్నపు గుండ్రం, మంత్రాలు, కళ్లు మూసుకున్న ఆడమనిషి. ఆ చుట్టుపక్కల ఏ చంటిపిల్లను అడిగినా చెబుతుంది, అది నేల కింద నీళ్లున్న చోటు కనిపెట్టి బోరు పాయింటు పెట్టడమని.

"ఏమ్మా హేమా, ఏం చేస్తాండారు?" అన్నాడు.

హేమ ఉన్నమాట చెప్పేసి ఉంటే ఈ కథే లేదు. కానీ నారాయణకు చెబితే పది నిమిషాల్లో అత్తకు చేరుతుంది, టీచరమ్మకే పాఠం రాదని. అందుకని టెంకాయను కొంగు చాటుకు లాక్కుని, "ఏం లేదన్నా. ఊరికే" అంది.

ఇంకేం కావాలి! ఆ నేల మీద పాయింటు దొరికినవాడు ఎప్పుడూ నోరు విప్పడు. పక్కవాడికి తెలిస్తే వాడే ముందు బోరేసి నీళ్లు లాగేస్తాడు. కాబట్టి ఎవరడిగినా "ఏం లేదు, ఊరికే" అనడం అక్కడి ఆనవాయితీ. నారాయణ తల ఊపి, "అట్లే కానీమ్మా" అని ఊళ్లోకి గబగబా నడిచాడు.

పది ముప్పై ఐదుకు నీడ కొస గీతను తాకింది. తేజ అక్కడ రాయి పెట్టి, నోటుబుక్కులో టైము రాసుకుంది. ఆ తరువాత ఐదు నిమిషాలకొక గులకరాయి చొప్పున, నీడ కొస ఎక్కడుంటే అక్కడ పెడుతూ పోయారు.

పదకొండుకల్లా మోపెడ్ మీద జమాల్ సాబ్ దిగాడు. బోరు లారీలు కుదిర్చేది ఆయనే. గుండ్రం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నిష్ఠూరంగా, "అమ్మా, ఇంత పని పెట్టుకోని నాకొక మాట చెప్పకపోతివి" అన్నాడు.

"బోరు కాదు జమాల్ సాబ్! పిల్లోళ్లకు పాఠం!"

జమాల్ సాబ్ హాయిగా నవ్వాడు. "నలభై ఏండ్లుగా ఈ పనిలో ఉండా తల్లీ. పాయింటు పెట్టి ఒకాయన ఎరువు కుప్ప వేస్తాండా అన్నాడు, ఇంకొకాయన కుక్కను పూడ్చినా అన్నాడు. పాఠమనింది మాత్రం నువ్వొకతివే."

అంతలో లక్ష్మీనరసమ్మ పళ్లెంలో తమలపాకులు, పసుపు కుంకుమ, టెంకాయ పెట్టుకుని వచ్చింది. "మా చేన్లో గూడా ఒకసారి నడిచిపోమ్మా, నీ కాళ్లకు దండం పెడ్తా" అంది. ఆమె వెనక ఇంకో నలుగురు, వాళ్ల వెనక ఇంకో పదిమంది. "నాకేమీ తెలీదు!" అని హేమ మొత్తుకునే కొద్దీ వాళ్లకు నమ్మకం ముదిరింది.

దేవుడి గూట్లో టెంకాయ ఎవరు తీశారని కేకలేస్తూ రామసుబ్బమ్మ పెరట్లోకి వచ్చింది. వచ్చి, జనాన్ని చూసింది. తన కోడలి ముందు చేతులు కట్టుకుని నిలబడిన ఊరిని చూసింది. కేకలు ఆగిపోయాయి. కొంగు సర్దుకుని, "నేను ముందునుంచీ అంటానే ఉండా, మా హేమ చెయ్యి మంచిదని" అంది. పన్నెండేళ్ల కాపురంలో హేమ ఆ మాట వినడం అదే మొదటిసారి.

పన్నెండున్నర దాటాక అసలు సంగతి రోడ్డు మీద కనపడింది. దుమ్ము లేపుకుంటూ బోరు లారీ వస్తోంది. ముందు నారాయణ పరుగెత్తుతూ దారి చూపిస్తున్నాడు. లారీ ఆయన చేనులోకి తిరిగి, గట్టుకు ఇవతలున్న హేమ కర్రకు సరిగ్గా ఇరవై అడుగుల దూరంలో ఆగింది. లారీ పిలిచే స్తోమత ఆయనకు ఎక్కడిదని హేమ ఆశ్చర్యపోయింది. లక్ష్మీనరసమ్మ చెవిలో చెప్పింది.

"రెండు ఎనుముల్నీ ఇచ్చేస్తానని బేరగానికి ఫోన్లో మాటిచ్చినాడు. సాయంత్రం తోలుకపోతారంట."

ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ గేదెల పాల మీదే. అదే సమయానికి వాకిట్లో రాఘవేంద్ర బండి ఆగింది. వెనక నుంచి తెల్ల పంచె, నల్ల గొడుగుతో హనుమంతరాయుడు దిగాడు. నోరు మూసుకుని ఊరుకుంటే అత్త దగ్గర పరువు, పిల్లలు ఇంట్లో. నోరు విప్పితే హెడ్మాస్టరు ముందే అన్నీ బయటపడి, పిల్లలు హాస్టల్లో. విష్ణు ఆమె కొంగు పట్టుకుని ఉన్నాడు. ఆ చేతిని మెల్లగా విడిపించుకుని, హేమ గట్టు దాటి వెళ్లి బోరు పైపు కింద నిలబడింది.

"అన్నా, ఆపించు. నాకు నీళ్ల సంగతి తెలీదు. నీడ సంగతి గూడా నిన్ననే తెలిసింది."

"అట్లంటావని నాకు తెలుసులేమ్మా. పక్కకు జరుగు."

"దేవుని తోడు! టెన్తు లెక్కలు మూడోతూరికి పాసైనా నేను. ఈ పిల్లోళ్లతో పాటు మళ్లా ఆరో తరగతి నుంచి చదువుకుంటాండా. ఒకరోజు ముందు నేను నేర్చుకోని, మర్నాడు వాళ్లకు చెప్తాండా. ఆ సిగ్గుతోనే పొద్దున నీకు ఊరికే అని చెప్పినా. నన్ను నమ్మి ఎనుముల్ని అమ్ముకోవద్దన్నా!"

హేమ కొంగుతో మొహం తుడుచుకుంది. తరువాత నారాయణ నిట్టూర్చి, "చూసినావా జమాల్ సాబ్, ఏడుస్తాంది. నీళ్లు బాగా ఉన్నట్లుండాయి" అన్నాడు.

"మా కోడలికి వినయం ఎక్కువ" అని రామసుబ్బమ్మ అందరికీ వివరించింది.

హనుమంతరాయుడు గొడుగు ముడిచి ముందుకొచ్చాడు. "పాఠమంటాంది కదా. అయితే పిల్లోళ్లు చెప్పల్ల. ఏం పాపా, ఈ కర్ర ఏంది?"

తేజ తల్లి వైపు చూసింది. చుట్టూ ఊరంతా ఉంది. మొదట శ్లోకం చదివింది. తరువాత కర్ర, గీత, రాళ్లు ఒక్కొక్కటే చూపిస్తూ చెప్పింది. "సూర్యుడు పైకొచ్చే కొద్దీ నీడ కురచ అవుతాది తాతా. పన్నెండున్నరకు అన్నిటికంటే కురచగా ఉండె. మళ్లా పెరుగుతాది. పది ముప్పై ఐదుకు గీతను తాకింది. అంటే ఎంతసేపు ముందు తాకిందో అంతసేపు తర్వాత మళ్లా తాకల్ల. రెండూ ఇరవై ఐదుకు."

"తాకకపోతే?"

"తాకకపోతే నేను తప్పు."

"తాకితే నారాయణా?" అన్నాడు హెడ్మాస్టరు.

నారాయణ ఇబ్బందిగా కదిలి, "తాకితే ఇది నీడ గుండ్రమని ఒప్పుకుంటా సార్. తాకకపోతే పైపు దిగాల్సిందే" అన్నాడు.

లారీ ఇంజను ఆపారు. ఊరంతా ఎండలో గుండ్రం చుట్టూ కూర్చుంది. విష్ణు బోర్లా పడుకుని, గడ్డం నేలకానించి, నీడ కొసనే చూస్తున్నాడు. రెండూ ఇరవై ఐదయింది. నీడ ఇంకా గీతకు రెండు వేళ్లు ఇవతలే ఉంది. రెండూ ఇరవై ఆరు. తేజ పెదవి కొరుక్కుంది. రెండూ ఇరవై ఏడు. హేమ దేవుళ్లందరికీ మొక్కింది. ఇరవై ఎనిమిదికి నారాయణ లేచి నిలబడి, లారీ వైపు చెయ్యెత్తాడు.

"మామా, ఉండు! పోతాంది, పోతాంది... తాకింది!" అని విష్ణు అరిచాడు.

హనుమంతరాయుడు గడియారం చూశాడు. "రెండున్నర. ఐదు నిమిషాలు ఎట్ల తప్పింది?"

తేజ గుండ్రంలోకి చూసి, వేలు పెట్టి చూపించింది. "నడిమధ్యానం గులకరాయి పెట్టేటప్పుడు జమాల్ తాత అడ్డంగా వచ్చి నిలబడినాడు. సరిగ్గా పెట్టలేకపోతి."

జమాల్ సాబ్ మెల్లగా చెప్పు ఎత్తాడు. కింద గులకరాయి ఉంది.

రెండు రాళ్లనూ తాడుతో కలిపారు. నారాయణ ఆ తాడు పక్కన గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. "అంటే దీంట్లో నీళ్ల ఊసే లేదామ్మా?"

"లేదన్నా."

"దిక్కులు మాత్రమేనా?"

"దిక్కులు మాత్రమే."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, "ఎనుముల్ని ఇచ్చేది లేదప్పా, రావాకు" అని చెప్పి పెట్టేశాడు. హేమకు అప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. ఈసారి దాన్ని చూసి ఎవరూ నీళ్ల లెక్క కట్టలేదు. తిట్టుకుంటూ లారీ డ్రైవరు, డ్రైవరుకు నచ్చజెబుతూ జమాల్ సాబ్, టెంకాయలు వెనక్కి తీసుకుని ఆడవాళ్లు, అందరూ వెళ్లిపోయారు.

మిగిలింది ఇంటివాళ్లు, హెడ్మాస్టరు. ఆయన తేజ భుజం తట్టాడు. "పిల్లోళ్లు పాసు" అన్నాడు. హేమ చేతులు జోడించబోయింది. "టీచరు ఫెయిలు. తెలీదనే ఒక్క మాట చెప్పేదానికి పొద్దున్నుంచి మధ్యానం దాకా పట్టింది నీకు. పొద్దున్నే చెప్పింటే ఈ లారీ ఏల వస్తుండె?"

హేమ తల దించుకుని, "నిజమే పెదనాయనా" అంది.

రామసుబ్బమ్మ లోతుగా ఆలోచించింది. షరతంటే షరతే కదా. "అయితే అన్నా, జూన్లో హాస్టల్‌కి దీన్ని పంపల్నా?" అని హేమను చూపించి అడిగింది.

విష్ణు భయంతో తల్లిని చుట్టేసుకున్నాడు. హనుమంతరాయుడు అప్పటికే గొడుగు పక్కన పెట్టాడు. కర్ర దగ్గరికి వెళ్లి, నీడను వేలితో తాకి చూస్తున్నాడు. "ముప్పై ఐదేండ్లు ఈ బొమ్మ బోర్డు మీద గీసినా. కర్ర మాత్రం ఒక్కనాడూ పాతింది లేదు" అని, కదిరి బస్సు సంగతి రేపు చూద్దామన్నాడు.

సోమవారం తరగతిలో నలుగురు కూర్చున్నారు. పిల్లలిద్దరు, హేమ, హెడ్మాస్టరు. నారాయణ గట్టు మీద నుంచే వింటున్నాడు. రామసుబ్బమ్మ పాఠానికి రాలేదు, కాస్త దూరంగా కూర్చుని చెనక్కాయలు వొలుచుకుంటోంది. శ్లోకం చెబుతూ విష్ణు ఆరో దిక్కు దగ్గర ఆగిపోయాడు. హేమకూ గుర్తు రాలేదు, ఈసారి దాచకుండా "నాకూ రాదు నాయనా" అంది. చెనక్కాయల వైపు నుంచి ఆ దిక్కు పేరు, దాని వెనకే మిగతా రెండూ తప్పు లేకుండా వినిపించాయి.

"ఏం చేస్తాండావత్తా?" అంది హేమ, నవ్వు ఆపుకుంటూ.

"ఏం లేదు. ఊరికే" అంది రామసుబ్బమ్మ.