పేరు రాయని చీటీలు

1984 జనవరిలో ఒక సోమవారం ఉదయం, ప్రార్థన గంట కొట్టకముందే, హనుమకొండలోని ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కిషన్ రావు ఖాళీ బిస్కెట్ల డబ్బా మూతకు చాకుతో సన్నని చీలిక కోశాడు. ఉద్దేశం సరళమైనదే. కిందటి వారం లెక్కల టీచరు రూతు పదో తరగతిలో బోర్డు ముందే సొమ్మసిల్లింది. డాక్టరు పరీక్షించి, ఒంటికి జబ్బేమీ లేదని, మనసుకే విశ్రాంతి కావాలని తేల్చాడు. అప్పటి నుంచి ఆమె బదిలీ దరఖాస్తు రాసి బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నది. పరీక్షలకు ఇంకా రెండు నెలలే. బడికి ఉన్న లెక్కల టీచరు ఆమె ఒక్కతే.

పైగా సిబ్బంది మానసిక ఆరోగ్యంపై శనివారంలోగా నివేదిక పంపమని జిల్లా విద్యా కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన కిషన్ రావుకు కారణం తెలియకుండా మందు వేయడం గిట్టదు.

"ఎవరికేం బాధ ఉన్నదో చీటీ రాసి ఈ డబ్బాల ఎయ్యుండ్రి. పేరు రాయొద్దు. నన్ను తిట్టినా ఫికర్ లేదు," అని స్టాఫ్ రూములో డబ్బా పెట్టాడు.

మంగళవారం సాయంత్రానికి పద్నాలుగు మందిలో పదకొండు మంది చీటీలు వేశారు. వాటిని తన బల్ల మీద పెట్టమని గుమస్తా కట్టయ్యకు చెప్పి, కిషన్ రావు నిశ్చింతగా ఇంటికి వెళ్లాడు. తెల్లవారి చూస్తే ప్రతి చీటీ మీదా ముద్ర, ఆఫీసుకు వచ్చిన కాగితాలకు వేసే ఇన్‌వర్డ్ నంబరు, ఎర్ర సిరాతో పేరు!

"ఇదేంది కట్టయ్యా? పేర్లు వద్దన్న గద!"

"వాళ్లు రాయలే సార్, నేనే రాసిన. పదిహేనేండ్ల సంది వీళ్ల లీవు లెటర్లు నా చేతులకెళ్లే పోతానయ్. రాత గుర్తుపట్టనా? పంపినోళ్ల పేరు లేకుంటే రిజిస్టర్ల ఎట్లెక్కుతది?"

"ఎక్కియ్యమని నీకెవరు చెప్పిన్రు?"

"నంబరు లేని కాయితం ఆఫీసుల దొరికితే రేపు అడిగేది నన్నే సార్."

రిజిస్టరు అందరూ సంతకాలు పెట్టే బల్ల మీదే ఉంటుంది. పదకొండు గంటలకు సాంఘికశాస్త్రం టీచరు శకుంతల అందులో తన పేరు చూసి పరుగున వచ్చింది.

"సార్, నేను రాసింది మిమ్ముల గాదు సార్!"

కిషన్ రావు అప్పటిదాకా ఆ చీటీ చదవనేలేదు. ఇప్పుడు చదివాడు. 'మీటింగుల హెడ్మాస్టరు సారు ఉపన్యాసానికి తలనొప్పి లేస్తాంది.'

"మన బడికి ఇంకో హెడ్మాస్టరున్నడా అమ్మా?"

"జర వాపస్ ఇయ్యుండ్రి సార్!"

ఇవ్వబోతే కట్టయ్య అడ్డుపడ్డాడు. నంబరు పడిన కాగితం దరఖాస్తు లేనిదే కదలదట. పదకొండు మందీ దరఖాస్తులు పెట్టారు. వాటికీ నంబర్లు పడ్డాయి. చీటీలు వేయని ముగ్గురికి, తమ పేర్లు లేకపోవడమే అనుమానాలకు తావిస్తుందన్న భయం పట్టుకుంది. 'మాకు ఏ బాధా లేదు' అని తలా ఒకటి రాసిచ్చారు. గందరగోళం సర్దుదామని కిషన్ రావు వివరణ పంపితే, అందినట్టు పద్నాలుగు మందీ రాతపూర్వకంగా జవాబిచ్చారు.

రూతు చీటీలో ఒకే వాక్యం ఉంది: 'పాఠం చెప్పేదానికన్న కాయితాలు రాసేదానికే ఎక్కువ టైం పోతాంది.' దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆమె రెండు కాగితాలు రాయవలసి వచ్చింది. మొదటిదానిలో తేదీ లేదని, నంబరు వేశాక, కట్టయ్య తిప్పి పంపాడు. కారణం దొరికిందని సంతోషించాలో, దాన్ని తానే పెంచానని సిగ్గుపడాలో కిషన్ రావుకు అంతుపట్టలేదు.

శనివారం జిల్లా విద్యాధికారి కృపానందం స్వయంగా వచ్చి రిజిస్టరు తిరగేశాడు. కిషన్ రావు క్షమాపణకు మాటలు వెతుక్కుంటున్నాడు.

"నలభై!" అన్నాడు కృపానందం. "మిగతా బళ్లన్నీ 'ఏమీ లేదు' అని రాసి పంపినయ్. మీ పద్నాలుగు మంది ఐదు రోజులల్ల నలభై కాయితాలిచ్చిన్రు! గింత మనసు విప్పే స్టాఫ్‌ను నేను చూడలే. సోమవారం సంది జిల్లాల అన్ని బళ్లల్ల గీ డబ్బా పెట్టిస్త. మనిషికి వారానికో చీటీ కంపల్సరీ."

గుమ్మంలో నిలబడిన రూతు ఫక్కున నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ బ్యాగులోంచి దరఖాస్తు తీసి నాలుగు ముక్కలు చేసింది.

"యాడికి వోయినా గీ డబ్బానే ఉంటదంటే ఇంక బదిలీ ఎందుకు సార్? ఈడనైతే కట్టయ్య నాకు అలవాటైండు," అని సుద్దముక్క తీసుకుని పదో తరగతికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నివేదికలో 'ఉపశమనానికి కారణం' అన్న గడి ముందు కిషన్ రావు కలం చాలాసేపు ఆగింది. ప్రయోగం పూర్తిగా విఫలమై, ఫలితం మాత్రం సరిగ్గా వస్తే ఏమి రాయాలో ముప్పై ఏళ్లలో ఆయన ఏ తరగతికీ చెప్పి ఉండలేదు.