రియాద్‌లో ముందస్తు కాలేజీ

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: మా జాయ్సీ చదువు నా చదువులాగే మధ్యలో ఆగిపోతుందేమోనని. నాది తొమ్మిదో తరగతిలో పెళ్ళితో ఆగింది. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చదువులేనిదానికి చదువు కబుర్లెందుకని మీరే అడుగుతారు.

మా బిల్డింగువాళ్ళకు ముందుచూపు ఎక్కువ. ఊరెళ్ళే వెకేషన్‌కి ఆరు నెలలుండగానే కార్టన్ కట్టి, తాడు బిగించి, పేరు రాసి మంచం కిందకి తోసేస్తాం. యుద్ధంలో స్కడ్ క్షిపణులు రాకముందే కిటికీలకు టేపులు అంటించాం. యుద్ధం ఆగి మూడేళ్ళయినా కొందరు పీకలేదు, ఎందుకైనా మంచిదని. ఇటువంటి చోట పిల్లలు కాలేజీ వయసు వచ్చాక కాలేజీ చదవడం ఎంత సిగ్గుచేటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ లోటును హాస్పిటల్ రికార్డుల గుమస్తా ఇమ్మానుయేల్ గారు గుర్తించారు. ఒక శుక్రవారం వారి హాల్లో సభ జరిగింది.

"స్కూల్లో ఉండగానే అమెరికా కాలేజీ పాఠాలు చదివి పరీక్ష రాస్తే, కాలేజీలో ఆ సబ్జెక్టు మళ్ళీ చదవక్కర్లేదు. దాన్నే క్రెడిట్ అంటారు. మన పిల్లలు కాలేజీ గేటు దాటేసరికి సగం కాలేజీ అయిపోయి ఉంటుంది!" అన్నారాయన. చప్పట్లు మోగాయి.

వంటగది గుమ్మంలోంచి నేను అడిగాను. "అన్నయ్యగారూ, ఇక్కడి యూనివర్సిటీల్లో మన పిల్లల్ని చేర్చుకోరు గదండీ. పంపేది గుంటూరుకే గదా. గుంటూర్లో ఈ క్రెడిట్లు తీసుకుంటారా?"

"నువ్వెంతదాకా చదివావమ్మా?"

"తొమ్మిదండీ."

సభ యావత్తూ నవ్వింది. మా ఆయన దానం గారు "నువ్వెళ్ళి టీ సంగతి చూడవే" అన్నారు. చూశాను. ఆ టీ తాగి ఒక కమిటీ వేసుకుని, అందరూ తమ పిల్లల పేర్లు రాయించారు. నేనూ రాయించాను. నవ్వులపాలైనదాని కూతురు వెనకబడితే ఇంకా నవ్వుతారు.

పదకొండో తరగతిలోనే జాయ్సీ అమెరికా చరిత్ర, మనస్తత్వశాస్త్రం మొదలుపెట్టింది. పిల్ల మాట్లాడటం తగ్గిస్తే, అది సబ్జెక్టు ప్రభావమని కమిటీ తేల్చింది. అన్నం మానేస్తే ఏకాగ్రత అంది. మూడో అంతస్తులో ఉండే నర్సు రత్నమణి మాత్రం దాని కనురెప్ప కిందకి లాగి చూసి, "చెల్లీ, పిల్లకి ఒంట్లో రక్తం లేదే. ఆ పుస్తకాలు కొన్నాళ్ళు అటకెక్కించు" అంది. పిల్లలు లేనామెకు పిల్లల చదువేం తెలుసని కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

ఉద్యమం ఊపందుకుంది. దిలావర్ గారబ్బాయి ఎనిమిదిలోనే పదకొండు చదువుతూ ఎనిమిది తప్పాడు. పక్క ఫ్లాటు హుస్సేన్‌బీకి అయిదో నెల. కడుపు దగ్గర ఎక్కాల క్యాసెట్ పెడుతున్నారు. లోపలి విద్యార్థి ఇంతవరకు ఏ అభ్యంతరమూ తెలపలేదు.

జాయ్సీ రెండు క్రెడిట్లూ సంపాదించింది. ఆ హడావుడిలో పన్నెండో తరగతి లెక్కలూ ఫిజిక్సూ పోయాయి. మొదటి విశేషానికి కమిటీ శాలువా కప్పింది. రెండోదాన్ని మినిట్స్‌లో రాయలేదు. గుంటూరు కాలేజీ ప్రిన్సిపాల్ గారు అమెరికా సర్టిఫికెట్టును అటూ ఇటూ తిప్పి, "కాగితం చాలా బావుందండీ. అమ్మాయిని ఇంటర్ మొదటి సంవత్సరంలో చేర్చండి" అన్నారట. క్రెడిట్లను గుర్తించకపోతే నష్టం గుంటూరుకేనని ఇమ్మానుయేల్ గారు ప్రకటించారు. ఆ నష్టాన్ని గుంటూరు బాగానే తట్టుకుంటోంది.

ఇప్పుడు జాయ్సీ తనకంటే రెండేళ్ళు చిన్నపిల్లల మధ్య హాస్టల్లో ఉంటోంది. ఎప్పుడు ఫోన్ చేసినా వార్డెనమ్మే ఎత్తి, "చదువుకుంటోందండీ" అంటుంది. పోయిన శుక్రవారం మాత్రం ఫోన్ పిల్ల చేతికిచ్చింది.

"అమ్మా, ఇంక నావల్ల కాదు. వచ్చేస్తానమ్మా."

నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఫోన్ లాక్కుని, "ఎంట్రెన్సు ఎప్పుడే?" అన్నారు. అవతల రిసీవర్ పెట్టేసిన చప్పుడైంది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు.

నేను వెళ్ళి తిరిగి రావాలంటే రీ-ఎంట్రీ వీసా కావాలి. దానికి మా ఆయనకు పని ఇచ్చిన కఫీల్, అంటే ఇక్కడి యజమాని, సంతకం పెట్టాలి. ఆ కఫీల్ సెలవుల్లో ఉన్నారు. అందుకని గుంటూరు దగ్గర్లో ఉన్న మీకే చెబుతున్నాను. బ్రాడీపేటలో ఆడపిల్లల హాస్టల్, పై అంతస్తు, చివరి గది. ఒకసారి వెళ్ళి మా జాయ్సీని చూడండి. అన్నం తింటోందా, నిద్రపోతోందా కనుక్కోండి. కాసేపు పక్కన కూర్చోండి. మార్కులెన్నని మాత్రం అడగొద్దు. అడక్కుండా ఉండలేనివాళ్ళు, దయచేసి, అడగనివాళ్ళని ఎవరినైనా వెతికి పంపండి.